ధ్రువసాగర గర్భంలో అజొల్లా

వరిమడి నీటిపై తేలే అజొల్లాను మన రైతులు జీవన ఎరువుగా ఎరుగుదురు. మంచినీటిలో పెరిగే ఈ చిన్న మొక్క ఆనవాళ్లు ఉత్తర ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో, సముద్రగర్భపు మట్టిలో లభించాయని చదివి నేను విస్మయం చెందాను.

2004లో శాస్త్రజ్ఞులు మూడు నౌకలలో, మంచును చీల్చుకొంటూ ఆర్కిటిక్ మహాసముద్రంలోకి వెళ్లారు. లొమొనోసోవ్ పర్వతశ్రేణిపై సముద్రపు అడుగును 400 మీటర్లకు పైగా తొలిచారు. పైకి తీసిన మట్టిలో, దాదాపు 4 కోట్ల 90 లక్షల సంవత్సరాల నాటి పొరలో, అజొల్లా సిద్ధబీజాలు విస్తారంగా కనిపించాయి.

ప్రాచీన కావ్యాలను పరిష్కరించేవారికి ఒక సందేహం సహజం: ఈ పద్యం కవి రచించినదా, ప్రక్షిప్తమా? శాస్త్రజ్ఞులకూ అటువంటి సందేహమే కలిగింది. ఈ సిద్ధబీజాలను నదులు మోసుకొని వచ్చాయేమో! అయితే స్థూల, సూక్ష్మ సిద్ధబీజాలు ఒకదానినొకటి అంటిపెట్టుకొనే ఉన్నాయి. కనుక ఆ మొక్క అక్కడే పెరిగిందని నిర్ణయించారు. అనగా ఆనాడు ఆ సముద్రంపై మంచినీరు పరచుకొని ఉండేది. ఆ నీటి వేడిమి సుమారు 10 డిగ్రీల సెల్సియస్.

ఆ జలాలు చల్లబడి గడ్డకట్టడానికి లక్షలాది సంవత్సరాలు పట్టింది. 1979 నుంచి ఉపగ్రహాలు తీస్తున్న కొలతలలో మాత్రం, ఒక్క మనిషి జీవితకాలంలోనే వేసవి మంచు తరిగిపోవడం స్పష్టంగా కనిపిస్తున్నది. ఆ మట్టిపై రేపటి పొరను లిఖిస్తున్నది మనమే. దానిని చదివేవారు మనలను గురించి ఏమనుకొంటారో విద్యార్థులు ఆలోచించాలి.