ఒక గిన్నె షోర్వా కోసం

హైదరాబాద్ నుంచి మా దిక్కు వచ్చే దోస్తుల పిల్లలు ఈ మధ్య ఒకటే సవాల్ అడుగుతున్నరు: "అంకుల్, ఇక్కడ చవకల రామెన్ ఎక్కడ దొరుకుతది?" జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడు ఊర్లల్ల రామెన్ హోటల్ నా కంటికైతే కనపడలేదు. సాయంత్రం ఫాస్ట్‌ఫుడ్ బండి మీద పెనం గరగరలాడిస్తూ చేసే నూడుల్స్ ఉన్నయి గానీ అవి వేరే.

రామెన్ అంటే ఏంది? గంటల తరబడి ఎముకలు మరిగించిన షోర్వా, అందులో గోధుమ పిండి సేమ్యా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌ల బియ్యం కరువైనప్పుడు, అమెరికా నుంచి వచ్చిన గోధుమ పిండితో అది గరీబుల కడుపు నింపింది. అందులో పేరున్న ఒక రకం పంది ఎముకలతో చేస్తరు, అది మాకు హరామ్. కానీ రాత్రంతా ఎముకలు మరిగించి, తెల్లారంగనే కష్టజీవికి వేడి వేడి గిన్నె అందించే హునర్ మా దగ్గర కూడా ఉన్నది. దాని పేరు నహారీ. కాబట్టి ముసాఫిర్లారా, రామెన్ తొవ్వ అడిగినోళ్లకు నేను నహారీ తొవ్వ చూపిస్త.

నహార్ అంటే అరబ్బీల పగలు. పేరులనే టైం ఉన్నది. మేక కాళ్లను మంట మీద కాల్చి, బొచ్చు గీకి, పసుపు రాసి కడుగుతరు. కొందరు నాలుక కూడా వేస్తరు, దాన్ని జబాన్ అంటం. పత్తర్ కా ఫూల్, వట్టివేరు, కబాబ్ చీనీ లాంటి దినుసులన్నీ ఒక బట్టల మూట గట్టి దేగ్‌ల వదులుతరు. అదే పోట్లీ మసాలా. ఇషా నమాజ్ తర్వాత పొయ్యి మీదికెక్కిన దేగ్, ఫజర్ దాకా ధీమీ ఆంచ్ మీద కుతకుతమంటనే ఉంటది. పొద్దుగాల చూస్తే కాళ్లల్ల ఉన్న జిగురంతా షోర్వాల దిగి ఉంటది. తాగినంక పెదవులు అంటుకుంటే ఆ దేగ్ నిజాయితీది అన్నట్టు. మైదా, పిండి కలిపి చిక్కగ చేస్తే నాలుక మీద పిండి పిండిగ తెలిసిపోతది.

ఇప్పుడు ఊర్ల సంగతి.

జగిత్యాలల టవర్ సర్కిల్ నుంచి పాత బస్తీ గల్లీలల్లకు నడవండి. హోటల్ పేరు చెప్పమని అడగకండి. చేతులు మారుతయి, ఉస్తాద్‌లు మారుతరు, పేరు మాత్రం గోడ మీద ఉండిపోతది. పేరు కన్నా నమ్మకమైన నిషానీలు మూడున్నయి. ఒకటి, బెంచీల మీద హమాలీలు, ఆటోవాలాలు కూసోని ఉండాలె. రోజూ సొంత పైసలతోని తినేటోడు ఖరాబ్ షోర్వాకు రెండోసారి రాడు. రెండు, తొమ్మిది కొట్టే సరికి దేగ్ ఖాళీ కావాలె. మధ్యాహ్నం కూడా నహారీ ఉన్నదంటే అది నిన్నటిదో, రేపటిదో. మూడు, తందూర్ పక్కనే ఉండాలె. దూరం నుంచి తెచ్చిన రోటీ గిన్నె దగ్గరికొచ్చే సరికి తోలు అయితది.

ఎండకాలం వస్తే చల్‌గల్ మామిడి మార్కెట్‌కు లారీలు దిగుతయి. ఉత్తరాది డ్రైవర్లు పొద్దుగాల్నే గిన్నె ముందు కూసోని తమ ఊర్ల నిహారీకీ మా నహారీకీ పోటీ పెడతరు. వాళ్లది చిక్కటి కూర, మాది పల్చటి షోర్వా. ఆ బహస్ వినుకుంట తినుడు ఒక మజా. దానికి పైసలు వేరే లెవ్వు.

కోరుట్ల వేరే లోకం. యాభై ఏండ్ల కింది నుంచే ఈ దిక్కు జనం దుబాయ్, సౌదీ, మస్కట్ పోతున్నరు. పోయినోళ్లు పైసలతో పాటు నాలుక రుచి కూడా తెచ్చుకున్నరు. అందుకే ఇప్పుడు చౌరస్తా చౌరస్తాకు మండీ బోర్డు. మండీ చవకనా అంటే, ఒక్కడికి కాదు, నలుగురికి చవక. ఒక పెద్ద పళ్లెం చుట్టూ నలుగురు కూసోని బిల్లు పంచుకుంటే ఒక్కొక్కరికి బిర్యానీ కన్నా తక్కువనే పడ్తది. ఒంటరి ముసాఫిర్‌కైతే నా సలహా మధ్యాహ్నం బగారా, దాల్చా. శనగ పప్పుల ఆనిగెపుకాయ, ఎముక ముక్కలు, చింతపులుసు. పప్పు పేరు చెప్పి ఎముక రసం తాగిపిచ్చే ఉపాయం ఇది. పొద్దున అయితే ఖిచ్డీ, ఖీమా, ఖట్టా. నువ్వులు, చింతపండుతో చేసే ఆ ఖట్టాను రెండోసారి పోయమంటే ఎవరూ మొహం చిట్లించుకోరు.

ఇక్కడ ఆడోళ్ల మాట కూడా చెప్పాలె. గైడ్లు రాసేటోళ్లు ఆ సంగతి ఎత్తరు. మా హోటళ్లల్ల బెంచీలు మగోళ్ల జాగాలు. మా అమ్మీ జిందగీ మొత్తంల నహారీ హోటల్ గడప తొక్కలేదు. కోరుట్ల ఇండ్లల్ల ఒళ్లె చాట పెట్టుకోని, తునికాకుల తంబాకు పోసి బీడీలు చుట్టే ఆడోళ్లున్నరు. వంటకు టైం దొరకని పొద్దు పిల్లగాని చేతికి డబ్బా ఇచ్చి షోర్వాకు పంపుతరు. ఎముక నలుగురికి రాకపోయినా షోర్వాల రొట్టె నానేసుకోని ఇంటిల్లిపాది తింటరు. మీతోని ఆడోళ్లుంటే పర్దా కట్టిన ఫ్యామిలీ జాగా ఉన్నదా అని ముందే అడగండి. లేకుంటే మీరు కూడా డబ్బా పట్టుకపోండి. అదేం తక్కువ మర్యాద కాదు, ఊరు సగం తినేదే గట్ల.

సిరిసిల్ల తిండికి గడియారం సాంచాలే. మరమగ్గాలను మా దిక్కు సాంచాలంటరు. పగటి పాళీ, రాత్రి పాళీ, పన్నెండేసి గంటలు నిలవడే పని. రాత్రి పాళీ దిగినోడికి కడుపుల ఆకలి, చెవులల్ల ఇంకా టకటక. వాడికి కావాల్సింది మెనూ కార్డు కాదు, వేడి. తెల్లారంగనే చాయ్, ఆదివారమైతే సిరీ పాయా, అంటే తలకాయ, కాళ్లు. దాన్ని పద్మశాలి ఇండ్లల్ల ఒక తీరు, ముసల్మాన్ ఇండ్లల్ల ఒక తీరు వండుతరు. వాళ్లు కొబ్బరి, ధనియాలు దండిగ వేస్తరు, మేము గరం మసాలా మీద నడుపుతం. హోటళ్ల బెంచీ మీద మాత్రం రెండు రుచులు కలిసిపోయినయి.

2017ల బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనప్పుడు ఆ బెంచీల మీద జాగా దొరికేది కాదు. ఆర్డర్లు ఆగిన నెలలల్ల ఆసాములు, కార్మికులు ఒక చాయ్‌ని ఇద్దరు పంచుకున్న పొద్దులు చూసిన. ఫుల్ ప్లేట్ తినేటోడు హాఫ్‌కు దిగిండు, హాఫ్ తినేటోడు ఒట్టి రోటీ తీసుకోని షోర్వా అడిగిండు. ఉస్తాద్ పోసిండు. సిరిసిల్ల హాల్ తెలుసుకోవాలంటే అఖ్బార్ అక్కర లేదు, గిన్నెల ఎముక ఉన్నదా లేదా చూస్తే చాలు.

ఒక మాట దిల్ ఖోల్‌కే చెప్త. ఈ మధ్య బోర్డు మీద పేరు చదివి వెనక్కి మళ్లేటోళ్లు ఎక్కువైతున్నరు. వేములవాడ రాజన్న గుడి ఆవరణలనే దర్గా ఉన్న ఇలాకా ఇది. కోడె మొక్కు చెల్లించి, దర్గా కాడ దండం పెట్టి, సిరిసిల్లల దిగి ముసల్మాన్ హోటళ్ల చాయ్ తాగిపోయే జనాన్ని చూసుకుంట పెరిగినోణ్ని. "ఏం కూర?" అని అడుగుడు మీ హక్. మేకదా, బడేదా, సీదా అడగండి, సీదా చెప్తరు. తిననోనికి అబద్ధం చెప్పి తినిపిచ్చుడు గునాహ్. ఆ సంగతి దేగ్ ముందు నిలవడేటోనికి మీకన్నా ఎక్కువ ఎరుక. కానీ అదే సవాల్‌ని ముక్కు చిట్లించి అడిగేటోళ్లున్నరు. వాళ్లకు కావాల్సింది జవాబు కాదు. ఆ మాట విన్న ఉస్తాద్ గరిటె తిప్పుకుంట ఏమీ అనడు. గట్ల ఏమీ అనకుండనే ఒక్కో పొయ్యి చల్లారుతది. నహారీకి రాత్రంతా నిద్ర ఆగం చేసుకోవాలె. మండీకి, ఫాస్ట్‌ఫుడ్‌కి ఆ తిప్పలు లెవ్వు. గిరాకీ పది మంది తగ్గితే కొడుకు ఆ దేగ్ ముట్టడు, గల్ఫ్ వీసా దేవులాడుకుంటడు.

ఇగ వచ్చేటప్పుడు యాది పెట్టుకోవాల్సినయి. జుమ్మా నాడు ఒంటి గంట నుంచి రెండింటి దాకా షట్టర్ సగం దించి ఉంటది, ఓపిక పట్టండి. రంజాన్‌ల పగలు బంద్, మగ్రిబ్ తర్వాత హలీమ్ తోని గల్లీ అంతా జాగారమే. చిల్లర దగ్గర పెట్టుకోండి. ఎదురుంగ కూసున్నోడు తెలియనోడైనా సలాం అనండి, నమస్తే అనండి, ఏదైనా నడుస్తది. నిమ్మకాయ మీరే పిండుకోండి. రోటీ మిగిలి షోర్వా అయిపోతే గిన్నె ముందటికి జరపండి, నోరు విప్పే పని లేదు. పోస్తరు. దానికి పైసలు అడగరు.