మైలాపూర్ మిద్దె మీద సుండక్కాయలు

చెన్నైలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికితే మనవాళ్ళు చాలామంది ఓఎంఆర్ చుట్టుపక్కలే రూము చూసుకుంటారు. నేను మాత్రం మైలాపూర్‌లో తీసుకున్నాను. ఆఫీసుకి లోకల్ ట్రైన్ ఉంది, ఇంటి ఓనర్ మామి చేతి వంట ఉంది. ఇంకేం కావాలి?

తిరుమయిలై స్టేషన్‌లో దిగి కపాలీశ్వరర్ గుడి వైపు నడిస్తే ముందు కోనేరు వస్తుంది. గుడి చుట్టూ మాడ వీధులు. పూలు, ఇత్తడి సామాన్లు, అప్పడాలు అమ్మే కొట్ల మధ్య సంచుల్లో నల్లగా, ముడుచుకుపోయి కనిపించేవే వత్తల్. సుండక్కాయ అంటే మన ఉస్తికాయ. మణత్తక్కాళి అంటే కామంచి. మనకి వడియాలు, చల్ల మిరపకాయలు ఎలాగో, వీళ్ళకి ఇవి అలాగ.

మామి కొట్లో కొనదు. పంగుని నెలలో, గుడిలో అరవై మూవర్ ఉత్సవం జరిగే రోజుల్లో ఎండ బాగా ముదురుతుంది. అప్పుడు పచ్చి సుండక్కాయల్ని రోకలితో ఒక్క దెబ్బ వేసి, ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రాత్రంతా నానబెడుతుంది. పొద్దున మిద్దె మీద ఎండలో, సాయంత్రం మళ్ళీ అదే మజ్జిగలో. మజ్జిగంతా కాయలు తాగేసేదాకా ఇదే పని. ఆ తర్వాత గలగలలాడేలా ఎండాలి. మామికి మోకాళ్ళ నొప్పులు. ఈ ఏడు పళ్ళేలు మోసింది నేనే.

వత్తకుళంబు వండటం చూస్తే సులువే అనిపిస్తుంది, కానీ అంతా నూనె దగ్గరే ఉంది. నువ్వుల నూనె, అదీ ధారాళంగా. ముందు వత్తల్‌ని ముదురు గోధుమ రంగు వచ్చేదాకా వేయించి తీసేయాలి. నల్లబడితే చేదు తప్ప ఇంకేం మిగలదు. అదే నూనెలో ఆవాలు, మెంతులు, కాస్త కందిపప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. మంట తగ్గించి సాంబారు పొడి వేసి, వాసన రాగానే నిమ్మకాయంత చింతపండు తీసిన చిక్కటి పులుసు పోసేయాలి.

“ఉప్పు ఇప్పుడే వేయకుడా, వత్తల్‌లో ఉందిగా” అంటుంది మామి, తంజావూరు తమిళంలో నాలుగు తెలుగు ముక్కలు కలిపి.

పచ్చివాసన పోయి, పులుసు దగ్గరపడి, నూనె పైకి తేలాక వత్తల్, చిటికెడు బెల్లం. మన పులుసులా జారిపోదు, గరిటెని పట్టుకుంటుంది. ఉడికించిన పప్పు గానీ కొబ్బరి గానీ పడవు కాబట్టి రెండు మూడు రోజులు ఫ్రిజ్ లేకుండానే ఉంటుంది. రెండో రోజే ఇంకా బాగుంటుంది. వేడన్నం, నిప్పుల మీద కాల్చిన అప్పడం, పక్కన పరుప్పు తొగయల్. అంటే మన కందిపచ్చడికి అరవ చుట్టం.

ఈ ఇల్లు బిల్డర్‌కి ఇచ్చేశారు. జూన్‌లో కూలగొడతారట. మామి బెంగళూరులో కూతురి దగ్గరికి వెళ్తోంది, ఏడో అంతస్తు ఫ్లాటు. అక్కడ మేడ మీదకి తలుపు తాళం తీయరట, బాల్కనీలోకి ఎండ రాదట. ఈ మాట చెబుతూనే పళ్ళెంలో కాయలు అటూ ఇటూ తిప్పుతోంది. నేనేమీ అనలేకపోయాను.

ఈసారి రెండు కిలోలు ఎక్కువే పోసింది. ఎండాక చేతికి వచ్చేది తక్కువ. కూతురికో డబ్బా, అమెరికాలో కొడుక్కో పొట్లం. నా వాటాకి హార్లిక్స్ సీసా నిండా వచ్చింది. నెలకి రెండుసార్లే వండితే సంక్రాంతి దాకా వస్తుందని మామి లెక్క.