రేవుపట్టణమునకు రెండు దినములు

ఓరుగల్లు సీమలో పుట్టిన పిల్లలకు నీరనగా చెఱువే. భద్రకాళి చెఱువు, వడ్డేపల్లి చెఱువు, ధర్మసాగరము, ఇంకను దూరము పోయినచో పాకాల. వీనిలో దేని గట్టుపై నిలిచి చూచినను అవతలి ఒడ్డో, అవతలి కొండయో కనబడుచునే యుండును. ఒడ్డు కనబడని నీరు ఎట్లుండునో వారు ఊహించుకొనవలసినదే. వరంగల్లు నుండి విశాఖపట్టణము రైలుమార్గమున సుమారు 560 కిలోమీటర్లు. ఒక్క రాత్రి ప్రయాణము. అయినను ఆ ఒక్క రాత్రిని దాటుటకు కొన్ని కుటుంబములకు ఒక తరము పట్టును.

వరంగల్లు స్టేషనునకు వెనుకనున్న శివనగరులో అట్టి కుటుంబ మొకటి కలదు. ఇంటి యజమాని బట్టల దుకాణములో గుమాస్తా. ఆయన భార్య ఇంటివద్దనే కుట్టుపని చేయును. వారి కుమార్తె ఎనిమిదవ తరగతి చదువుచున్నది. వీరితోపాటు ఆ బాలిక నాయనమ్మ. ఆమె భర్త కాజీపేటలో రైలు ఇంజను డ్రైవరుగా పనిచేసెను. ఇంజను డ్రైవరు దేశమంతయు తిరుగునని చాలమంది తలంతురు. అది నిజము కాదు. బండి దూరము పోవును గాని, దానిని నడపువాడు పోడు. కాజీపేట నుండి బండిని తీసికొనిపోయినవాడు విజయవాడలో దానిని మరొకరికి అప్పగించి, విశ్రాంతిగదిలో నిదురించి, మరునాడు మరొక బండితో తిరిగివచ్చును. విశాఖపట్టణము పోవు బండ్లను ఆయన లెక్కలేనన్ని మారులు నడపెను. విశాఖపట్టణమును ఒక్క మారైనను చూడలేదు. ఉద్యోగము విడిచిన పిమ్మట భార్యను తీసికొనిపోయి సముద్రము చూపెదనని చెప్పుచుండెడివాడు. ఉద్యోగము విడిచిన ఏడాదికే ఆయన కాలము చేసెను. ఆ మాట ఆ ఇంటిలో అట్లే నిలిచిపోయెను.

కొంతకాలమునకు ఇల్లాలికి చీటీ డబ్బు చేతికి వచ్చెను. వానకు కారుచున్న ఇంటికప్పు బాగుచేయించవలెనని ఒక మాట, నాయనమ్మకు సముద్రము చూపవలెనని ఒక మాట పుట్టెను. ముసలామె మోకాళ్లు ఏటేట మొరాయించుచున్నవి. కప్పు మరు సంవత్సరము వరకు ఆగగలదు గాని మోకాళ్లు ఆగునని ఎవరు చెప్పగలరు? కడకు వంటింటిపై కప్పు మాత్రము బాగుచేయించి, మిగిలిన డబ్బును ప్రయాణమునకు తీసియుంచిరి. బడికి సెలవుండు రెండవ శనివారమును ఎన్నుకొనిరి. దుకాణపు యజమాని శనివారపు సెలవు ఇచ్చెను. ఆ దినపు జీతము మాత్రము ఇయ్యలేదు.

హైదరాబాదు నుండి సాయంకాలము బయలుదేరి, వరంగల్లు మీదుగా రాత్రియంతయు నడచి, తెల్లవారునప్పటికి విశాఖపట్టణము చేరు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఇట్టివారికి మిక్కిలి అనువైన బండి. ఆ బండి 1974 ఫిబ్రవరి 1వ తేదీన నడచుట మొదలుపెట్టెను. శుక్రవారము రాత్రి ఎక్కినచో శని, ఆదివారములు రెండును చేతికి దక్కును. సోమవారము తెల్లవారకముందే ఇంటికి తిరిగి చేరవచ్చును. 2023 జనవరి నుండి వరంగల్లులో ఆగుచున్న వందే భారత్ బండి ఇంతకంటె వేగముగా పోవును. కాని అది పగటిబండి. రెండే దినములున్నవారికి పగలు వెచ్చించుట కంటె రాత్రి వెచ్చించుట మేలు.

ఇక బెర్తుల సంగతి. రైలు ప్రయాణములను గూర్చి వ్రాసినవారు కిటికీని వర్ణించినంతగా కింది బెర్తును వర్ణింపరు. మోకాళ్ల నొప్పి గలవారికి కిటికీ కంటె కింది బెర్తే ముఖ్యము. 2024 నవంబరు 1 నుండి రైల్వేవారు టిక్కెట్ల ముందస్తు గడువును 120 దినముల నుండి 60 దినములకు తగ్గించిరి. కనుక అఱువదవ దినము ఉదయమే తండ్రి రిజర్వేషను కిటికీ ముందు నిలిచెను. 45 ఏండ్లు నిండిన స్త్రీలకును, 60 ఏండ్లు నిండిన పురుషులకును కింది బెర్తులు కొన్ని ప్రత్యేకించియున్నవి. అయితే అట్టివారు ఒంటరిగా గాని, అట్టివారే ఇద్దరు కలిసి గాని ఒక టిక్కెట్టుపై పోవునప్పుడే ఆ వసతి వర్తించును. కొడుకు, కోడలు, మనుమరాలు అందరును ఒకే టిక్కెట్టుపై నుండినచో ముసలామె పై బెర్తుకు ఎక్కవలసి వచ్చినను రావచ్చును. కింది బెర్తు కావలెనన్నచో ఆమెకు వేఱుగా టిక్కెట్టు తీయవలెను. వేఱుగా తీసినచో ఆమె ఏ పెట్టెలో ఉండునో తెలియదు. తండ్రి వరుసలో నిలిచియే ఇంటికి ఫోను చేసెను. అందరును కలిసియే పోదమని కోడలు చెప్పెను. నాయనమ్మ ఫోను అందుకొని, “నాకు యేరుగనే తియ్యి కొడుకా! నలభై యేండ్లు రైలు సప్పుడు ఇనుకుంట పండుకున్న. ఒక్కదాన్ని పండుకుంటె నన్నెవరు ఎత్తుకపోతరు?” అనెను. టిక్కెట్టు వేఱుగానే తీసిరి. అదృష్టవశమున బెర్తు అదే పెట్టెలో మరొక చివర దొరకెను.

బాలిక ఒక నోటుపుస్తకమున చూడవలసిన స్థలముల పట్టిక వ్రాసెను. బొఱ్ఱా గుహలు, అరకు లోయ, సింహాచలము, కైలాసగిరి, ఋషికొండ, భీమునిపట్టణము, జలాంతర్గామి, విమానము, దీపస్తంభము... పట్టిక పుట దాటెను. తండ్రి దానిని చదివి, “ఇవన్ని చూడవలెనన్న మనము పరుగెత్తవలె బిడ్డా, నాయనమ్మ పరుగెత్తదు” అనెను. మొదట అరకు పోయెను. కొండలలో సొరంగములు దాటుచు పోవు ఆ రైలుదారి మనోహరమైనదే గాని, పోయివచ్చుటకు ఒక దినమంతయు పట్టును. అరకుతో పాటు బొఱ్ఱా గుహలును పోయెను. బాలిక ఆ రెండింటిని కొట్టివేయునప్పుడు ఒక్కసారి గీత గీయలేదు. నాలుగు మారులు గీసెను. భీమునిపట్టణము, ఋషికొండ తరువాత పోయెను. సింహాచలమును కొట్టివేయుటకు తండ్రి ఒప్పుకొనలేదు. అది ఆదివారము ఉదయమునకు నిలిచెను. శనివారమంతయు రేవునకును సముద్రతీరమునకును మిగిలెను.

రేవును చూచుటకు ఒక దినమా యని కొందరు అనుకొనవచ్చును. కాని విశాఖపట్టణమున చూడదగినది రేవే. ఆ రేవు పుట్టిన విధము ఎఱిగినవారు దానిని చూచు చూపే వేఱు. పట్టణమునకు దక్షిణమున ఒక కొండ మూతిచాచి సముద్రములోనికి చొచ్చుకొనియుండును. దానిని డాల్ఫిన్స్ నోస్ అందురు. ఆ కొండ వెనుక ఒకప్పుడు పోటుకు మునిగి, ఆటుకు తేలు బురదనేల ఉండెడిది. పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేక దూరముననే లంగరు వేసెడివి. సరకులను పడవలలో అలలపై మోయవలసి వచ్చెడిది. మధ్యపరగణాలలోని మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలసివచ్చినప్పుడు బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఆ బురదనేలను త్రవ్వి, కొండ చాటున కాలువ తీసి, ఓడలను లోపలికి రప్పించిరి. రాయపూరు నుండి విజయనగరమునకు రైలుమార్గము 1931లో పూర్తియైనది. 1933 అక్టోబరు 7వ తేదీన ‘జలదుర్గ’ యను ఓడ రేవులో ప్రవేశించెను. ఆ డిసెంబరు 19వ తేదీన వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను.

ఆ పనిలో అన్నిటికంటె చిక్కు తెచ్చినది ఇసుక. ఆ తీరమున అలలు ఇసుకను ఒడ్డువెంబడి తోసికొనివచ్చి కాలువ నోటిని పూడ్చుచుండును. అందుకై రెండు పాత ఓడలను కాలువ ముఖమున కావలెనని ముంచి, ఇసుకకును అలలకును అడ్డుకట్టగా నిలిపిరి. ఓడలు వచ్చుటకై ఓడలనే ముంచుట! బాలిక ఈ సంగతి చెప్పగా నాయనమ్మ నమ్మక, మరల చెప్పించుకొనెను. నేటికిని ఆ ఇసుకను యంత్రములతో తోడుచునే యుండవలెను. తోడిన ఇసుకను కోతపడు తీరమున పోయుదురు.

రేవు ప్రక్కనే ఓడలు కట్టు కర్మాగారము లేచెను. వాల్‌చంద్ హీరాచంద్ నడపిన సింధియా కంపెనీ తరఫున దానికి 1941 జూన్ 21వ తేదీన బాబూ రాజేంద్రప్రసాదు శంకుస్థాపన చేసెను. అచ్చట తయారైన ‘జల ఉష’ యను ఓడను 1948 మార్చి 14వ తేదీన జవహర్లాల్ నెహ్రూ నీటిలోనికి విడిచెను. అప్పటికి దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడు నెలలే. పిమ్మట ఆ కర్మాగారము ప్రభుత్వపరమై హిందుస్థాన్ షిప్‌యార్డు అను పేరు పొందెను.

ఇవన్నియు ఉన్న రేవు లోపలికి ఎవరు పడిన వారు పోవుటకు వీలులేదు. కాని చేపల రేవునకు తెల్లవారుజామున పోవచ్చును. రాత్రి వేటనుండి వచ్చిన పడవలు వరుసగా నిలుచును. చేపల వేలము కేకలతో సాగును. రేవుముఖము చేరువ నున్న మూడు కొండలపై ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, ఒకదానిపై దర్గా, ఒకదానిపై మేరీమాత గుడి కలవు. కొండ లెక్కలేని నాయనమ్మ కింద నిలిచి మూడింటికి దండము పెట్టవచ్చునని కోడలు చెప్పెను. రామకృష్ణా బీచిలో గట్టుపై నిలిపిన ‘కుర్సురా’ జలాంతర్గామి మఱి యొకటి. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన ఆ నౌక 2002 నుండి ప్రదర్శనశాల. దాని లోపలి దారి మిక్కిలి ఇరుకు. తండ్రీకూతుళ్లు లోపలికి పోవుదురు; అత్తాకోడళ్లు ఎదుట కూర్చుండి సముద్రమును చూతురు. అది సోమవారములందు మూసియుండునని బాలిక ముందే తెలిసికొని వ్రాసికొనెను.

ఒక సాయంకాలము నాయనమ్మ, “మన ఓరుగల్లుకు సముద్రంతోని ఏం పని బిడ్డా? మనది చెఱువుల దేశం” అనెను. బాలిక మరునాడు బడిలో సాంఘికశాస్త్రపు ఉపాధ్యాయుని అడిగి జవాబు తెచ్చెను. ఓరుగల్లు నేలిన కాకతి గణపతిదేవుని రాజ్యమున మోటుపల్లి యను రేవు ఉండెడిది. అది నేటి బాపట్ల జిల్లాలో కలదు. అంతకు పూర్వము రాజులు తుపానుకు చిక్కి పగిలిన ఓడలలోని సరకును బలాత్కారముగా తీసికొనుచుండెడివారు. గణపతిదేవుడు 1244-45లో అచ్చట శాసనము వేయించి, సముద్రముపై ప్రాణములకు తెగించి వచ్చు వర్తకుల సొత్తును ఇక ముట్టమనియు, నిర్ణయించిన సుంకము మాత్రమే గైకొందుమనియు అభయమిచ్చెను. ఆ తరువాత అర్ధశతాబ్దము గడవకముందే మార్కోపోలో యను వెనిసు యాత్రికుడు ఆ రేవు పేరుతో ఈ దేశమును గూర్చియు, దానిని పాలించిన రాణిని గూర్చియు వ్రాసెను. ఆమె రుద్రమదేవి యని చరిత్రకారుల అభిప్రాయము. సముద్రమునకు ఇంత దూరమున కోట కట్టుకొన్న రాజు, మునిగిన ఓడవాని కష్టమును తలచుట సామాన్యమైన విషయము కాదు. నాయనమ్మ అంతయు విని, “అయితే మనోళ్లు ఎన్నడో చూసిన్రన్నట్టు” అని మాత్రము అనెను.

తల్లి ఈ చరిత్రలయందు అంతగా మనసుపెట్టలేదు. ఆమె భయము వేఱు. రామకృష్ణా బీచిలో పైకి చల్లగా కనబడు అల, వెనుకకు పోవునప్పుడు కాళ్లకింది ఇసుకతో సహా మనుష్యుని లాగివేయును. చెఱువులో ఈతనేర్చినవాని నేర్పు అచ్చట పనికిరాదు. సెలవులకు వచ్చి ప్రాణములు పోగొట్టుకొన్నవారిలో దూరపు ఊళ్ల యువకులు ఎందరో కలరు. చీలమండలు దాటి నీటిలో దిగరాదని ఆమె శాసించెను. బాలిక మోకాళ్ల వరకు అని బేరమాడెను. బేరము కుదరలేదు. పుస్తకములో ‘చీలమండలు’ అనియే వ్రాయవలసి వచ్చెను.

దారిలో గోదావరిని చూడవలెనని బాలికకు మరొక కోరిక. రాజమహేంద్రవరమువద్ద 1900లో మొదటి వంతెన తెఱచువరకు రైలు ప్రయాణికులు ఆ నదిని నీటిమీదనే దాటవలసియుండెను. 1997లో ఆ వంతెన విశ్రాంతి పొందెను. దాని ప్రక్కన వేఱు వంతెనలు నిలిచినవి. కాని విచిత్రమేమనగా, గోదావరి పేరు పెట్టుకొన్న ఆ బండి పోవునప్పుడును వచ్చునప్పుడును గోదావరిని చీకటిలోనే దాటును. కమ్మీల చప్పుడు మారుటను బట్టి నది వచ్చినదని తెలిసికొనవలసినదే.

ప్రయాణము గురువారము వచ్చిపడెను. పులిహోరకు చింతపండు నానబెట్టిరి. సకినాలు డబ్బాకెత్తిరి. మోకాళ్లకు రాచుకొను నూనెసీసా మూత బిగించి గుడ్డ చుట్టిరి. బాలిక తన పుస్తకము తెఱచి, శుక్రవారపు పుటను చదివి వినిపించుచుండెను: ఇన్ని గంటలకు వరంగల్లు, ఇన్ని గంటలకు ఖమ్మము, రాత్రి పదకొండు గంటల ప్రాంతమున విజయవాడ.

“ఆడ ఎంతసేపు ఆగుతది?” అని నాయనమ్మ అడిగెను.

“కొంచెం సేపు ఆగుతది. అప్పటికి నువ్వు పండుకుంటవు గద!”

ముసలామె వెంటనే పలుకలేదు. సకినాల డబ్బా మూతను ఒకమారు తీసి మరల పెట్టెను.

“ఆయన దిగేది ఆడనే” అనెను.

బాలిక పెన్సిలు తీసికొని, విజయవాడ అని వ్రాసిన చోట ప్రక్కన చిన్న అక్షరములతో ‘నాయనమ్మను లేపవలెను’ అని వ్రాసెను.