ప్రమాణము నుండి భావమునకు

స్వధర్మమనగా జీవనోపాధి మాత్రమేనా? ఒక వృత్తి నుండి వేరొక వృత్తికి మరలినవాడు ధర్మచ్యుతుడగునా? గీతా పారాయణము చేయు ఆస్తికులు తరచుగా అడుగు ప్రశ్న ఇది. ఇటీవల మా రాజాములో ఒక గృహస్థు ఇదే ప్రశ్నను కన్నీటితో అడిగినాడు.

ఆయన కుమారుడు 5 సంవత్సరములు ఆర్కిటెక్చర్ చదివి, విశాఖపట్నములో అపార్టుమెంట్లకు ప్లానులు గీయుచున్నాడు. తొలుత ఆదివారములందు మాత్రము దేవాలయముల చిత్రములు వేసెడివాడు. పిదప ప్రతిరాత్రి వేయసాగినాడు. ఇప్పుడు వారమునకు 3 దినములే ఉద్యోగము, తక్కినదంతయు చిత్రలేఖనమే. “చదువుకు చేసిన అప్పు ఇంకా తీరలేదు పంతులుగారూ! ఇళ్లు కట్టించాల్సినవాడు బొమ్మలు వేసుకుంటానంటున్నాడు. ఇది స్వధర్మం విడిచిపెట్టడం కాదా?” అని ఆ తండ్రి ఆవేదన. అప్పున్న ఇంటి పెద్ద పలికిన మాటను తేలికగా తీసివేయరాదు.

అయితే శాస్త్రదృష్టిలో ఈ రెండు విద్యలును పరస్పర విరుద్ధములు కావు. విష్ణుధర్మోత్తర పురాణము తృతీయ ఖండమున వజ్రమహారాజు ప్రతిమా నిర్మాణమును బోధింపుమని మార్కండేయ మహర్షిని వేడుకొనును. చిత్రసూత్రము నెరుగనివానికి ప్రతిమాలక్షణము తెలియదని మహర్షి సమాధానము. చిత్రమునకు నృత్తము, నృత్తమునకు వాద్యము, వాద్యమునకు గీతము ఆధారములని ఆయన క్రమముగా వివరించును. ఆ ఖండమునందే ప్రాసాద లక్షణములును కలవు. కావున మహర్షి దృష్టిలో ఇవన్నియు ఒకే వృక్షపు శాఖలు.

యశోధరుడు జయమంగళా వ్యాఖ్యయందు చిత్రమునకు ఆరు అంగములను చెప్పినాడు: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. వీనిలో ప్రమాణము వాస్తువిద్యకు ప్రాణము. కొలత తప్పిన గోడ నిలువదు. కాని కొలత సరిపోయినంత మాత్రమున భావము పుట్టదు. ప్రమాణము నుండి భావమునకు చేరుటకు కాలము పట్టును; ఆ యువకుని మార్పు మెల్లగా జరుగుటలోని అంతరార్థము ఇదియేనని నా విశ్వాసము.

మన ప్రాంతముననే దీనికి సాక్ష్యములున్నవి. అరసవల్లిలో ఏటా మార్చి, అక్టోబరు మాసములందు ఉదయభానుని కిరణములు అనివెట్టి మండపము మీదుగా వచ్చి స్వామి పాదములను స్పృశించును. అది స్థపతి గణితము. కాని ఆ క్షణమున చేతులు జోడించిన భక్తునికి గణితము కనబడదు, భగవంతుడు కనబడును. శ్రీకూర్మములో ప్రదక్షిణ మండపపు గోడలపై ప్రాచీన వర్ణచిత్రములున్నవి. స్థపతి నిలిపిన గోడ మీదనే చిత్రకారుని కుంచె నడచినది.

ఇందుకు విపరీత దిశలో నడచినవారును కలరు. తెలుగు చలనచిత్రములకు కళాదర్శకులైన శ్రీ ఆనంద్ సాయి గారు యాదాద్రి ఆలయ పునర్నిర్మాణమునకు వాస్తుశిల్పిగా పనిచేసిరి. చిత్రీకరణ ముగియగానే విప్పివేయు సెట్టులను రూపొందించిన చేయి, తరతరములు నిలువవలసిన కృష్ణశిలా మండపములకు రూపకల్పన చేసినది. 2022 మార్చి 28న ఆ ఆలయమున భక్తులకు దర్శనము పునఃప్రారంభమైనది. ఆయన పూర్వవృత్తి ఆ దేవకార్యమునకు అడ్డు కాలేదు.

ఆ యువకుడు తన చిత్రములను నాకు చూపినాడు. తొలినాటి అరసవల్లి చిత్రమున ప్రతి స్తంభమును కొలతకు సరిగా ఉన్నది, మనుష్యమాత్రుడు లేడు. ఇటీవలి శ్రీముఖలింగ చిత్రమున స్తంభమునకు చేరగిలి ఒక వృద్ధురాలు కూర్చున్నది. ఆమె అరచేతిలోని విభూతిని చూచి నేను కొంతసేపు మాటాడలేదు. అక్కడ స్తంభము కొలత తప్పలేదు, భావమును వచ్చి చేరినది.

వానికి నేను చెప్పినది ఒక్కటే: “నాయనా, ఋణము తీర్చుట కూడ ధర్మమే. అది తీరువరకు ఆ 3 దినముల ఉద్యోగమును వదలవద్దు. కుంచెనును వదలవద్దు.” తండ్రికి చెప్పినది: “స్వభావమునకు తగిన కర్మయే స్వధర్మమని గీత పదునెనిమిదవ అధ్యాయమున భగవానుడు ఉపదేశించినాడు. మీ అబ్బాయి స్వభావము ఇప్పుడిప్పుడే బయటపడుచున్నది. దానిని భ్రష్టత్వమనకండి.”

వేదాధ్యయనమున సంహిత, పదము, క్రమము, జట, ఘనము అని సోపానములున్నవి. ఘనము వల్లించువాడు సంహితను విడిచినవాడు కాడు. సంహిత వాని కంఠమున నిలిచియుండుటచేతనే ఘనము పలుకుచున్నది. జీవితమునందు మార్గము మారుచున్నదని భయపడు సాధకులు ఈ క్రమమును స్మరింపవలెను. నేర్చినదానిని తృణీకరించి పరుగెత్తుట చాంచల్యము. నేర్చినదానిని వెంటగొని, ఋణములను తీర్చుకొనుచు, ఫలాసక్తిని తగ్గించుకొనుచు ముందుకు సాగుట సాధన. ఈ రెంటికి గల భేదమును ఎవరికి వారు అంతరంగమున పరీక్షించుకొనవలసినదే.

స్వస్తి.