వేలు ముందే వదలాలి

మా ఊళ్లో పెళ్లంటే చాలు, మెహందీ పెట్టడానికి నన్నే పిలిచేవాళ్లు. ఇంటర్ చదివేప్పుడు మా పిన్ని నేర్పించింది. డిప్లొమా అయ్యాక శ్రీసిటీలో ఓ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద చేరితే, అక్కడ నాకు అప్పజెప్పిన మిషనూ దాదాపు అదే పని చేస్తుంది! కాకపోతే కోన్ బదులు సిరంజి, గోరింటాకు బదులు జిగురు, వేళ్ల బదులు గాలి ఒత్తిడి.

ప్లాస్టిక్ డబ్బా అంచు వెంబడి మిషను సన్నగా జిగురు గీత గీస్తుంది. దాని మీద మూత బిగిస్తే లోపలికి నీటిచుక్క పోకూడదు. గీత చుట్టూ తిరిగొచ్చి మొదలైన చోటే ముగియాలి. చిక్కంతా ఆ కలిసే చోటే.

ఓ రాత్రి షిఫ్టులో డబ్బాలు వరసపెట్టి లీకు పరీక్షలో ఫెయిలయ్యాయి. చూస్తే గీత మొదట్లో చిన్న ఖాళీ. సూపర్‌వైజర్ వచ్చి ‘‘ఏమ్మా, నీడిల్ తుడుస్తున్నావా, లేదా?’’ అని అందరి ముందూ అరిచారు. తుడిచాను. నీడిల్ కూడా మార్చాను. మళ్లీ అంతే. కంగారులో ఎవరికీ చెప్పకుండా గాలి ఒత్తిడి పెంచేశాను. అది ముమ్మాటికీ నా తప్పే. మొదట్లో ఖాళీ కాస్త తగ్గిందిగానీ చివర్లో జిగురు ముద్దలా పేరుకుంది. మూత కూర్చోలేదు. ‘‘పొద్దున హెచ్‌ఆర్‌తో మాట్లాడతా’’ అనేసి వెళ్లిపోయారాయన. కాంట్రాక్టు వాళ్లకి ఆ మాట వింటే గుండె జారుతుంది. ఆ నెల తమ్ముడి ఫీజు కట్టాల్సింది నేనే.

టీ బ్రేకులో కూర్చున్నానేగానీ టీ దిగలేదు. అప్పుడు పిన్ని మాట గుర్తొచ్చింది: ‘‘కోన్ నొక్కగానే చెయ్యి జరపకే, గోరింటాకు బయటికి రానీ. గీత అయిపోయేదాకా నొక్కకు, కాస్త ముందే వేలు వదిలెయ్. లోపల ఉన్నదే వస్తుంది.’’

మా మిషను అలా ఆగడం లేదు! సెకనుకు 20 మిల్లీమీటర్ల వేగంతో పోతోంది. జిగురు రావడం 50 మిల్లీసెకన్లు ఆలస్యమైతే గీతలో 1 మిల్లీమీటరు ఖాళీ పడుతుంది. ఆ కాస్త చాలు నీళ్లు పోవడానికి. చివర్లో గాలి ఆపినా, సిరంజిలో మిగిలిన ఒత్తిడి ఇంకా తోస్తూనే ఉంటుంది. అదే ముద్ద.

సెట్టింగుల పాస్‌వర్డు మెయింటెనెన్స్ సార్ దగ్గరుంటుంది. భయపడుతూనే వెళ్లి, ఒత్తిడి నేనే పెంచానని ఒప్పుకుని, మిగతాదీ చెప్పాను. తిట్టలేదు. ‘‘చూద్దాం రామ్మా’’ అన్నారు. ఒత్తిడి పాత అంకెకే తెచ్చారు. గాలి వదిలాక 50 మిల్లీసెకన్లు ఆగి నీడిల్ కదిలేలా, గీత ఇంకో 2 మిల్లీమీటర్లు ఉందనగా గాలి ఆగేలా మార్చారు. తీగ సాగకుండా నీడిల్ మెల్లగా పైకి లేచేలా పెట్టారు. గీత చక్కగా కలిసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

కానీ సిరంజి మార్చిన కాసేపటికి తేడా కనిపించింది. ఈసారి మొదట్లో ఖాళీ కాదు, చిన్న ఉబ్బు. ఇదేంటని ఇద్దరం తలలు పట్టుకున్నాం. సిరంజి కేసి చూశాక అర్థమైంది. నిండుగా ఉన్నప్పుడు జిగురు పైన గాలికి చోటు తక్కువ, ఒత్తిడి వెంటనే అందుతుంది. అడుగంటే కొద్దీ ఆ ఖాళీ అంతా గాలితో నిండాలి, అప్పుడుగానీ జిగురు కదలదు. పగటి షిఫ్టు వాళ్లు నిండు సిరంజితో సరిచూసిన అంకెలు, అర్ధరాత్రి అడుగంటిన సిరంజికి ఎలా సరిపోతాయి? లోపం నీడిల్‌లోనూ లేదు, నా తుడవడంలోనూ లేదు.

ఆలస్యాన్ని మధ్యస్థంగా 30కి తగ్గించి, పావు వంతు మిగలగానే సిరంజి మార్చేయాలని సెట్టింగ్ షీట్‌లో ఓ లైను రాశారు సార్. సూపర్‌వైజర్ సారీ చెప్పలేదు. హెచ్‌ఆర్ మాట కూడా మళ్లీ ఎత్తలేదు. నాకదే పదివేలు!

ఇప్పుడు కొత్తగా చేరే అమ్మాయిలకి మిషను నేనే చూపిస్తున్నాను. మొదటి రోజు అందరికీ చెప్పేది ఒకటే: ‘‘గీత పాడైతే ఒత్తిడి జోలికి పోవద్దు. ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు ఆగుతోంది, సిరంజిలో ఎంతుంది... ముందు ఇవి చూడండి. ఏదైనా మారిస్తే చెప్పి మార్చండి.’’

మెహందీ పెట్టడం వచ్చా అని కూడా అడుగుతాను. వచ్చన్న వాళ్లకి సగం పని నేర్పినట్టే!