సాంబార్ కట్ట

చంద్రపూర్ వచ్చిన మొదటి వారం. గోల్ బజార్‌లో ఆకుకూరలమ్మే ఆజీ, అంటే అవ్వ, ఒకావిడ నన్ను పిలిచి, "తాజా సాంబార్ ఆహే, ఘే బాయీ" అంది. నాకు తెలిసిన సాంబారు గిన్నెలో ఉంటుంది. ఆవిడ చేతిలో ఉన్నది కొత్తిమీర కట్ట. విదర్భలో కొత్తిమీరను సాంబార్ అంటారనీ, దాన్ని దండిగా కూరి వేయించేదే సాంబార్‌వడి అనీ ఆ రోజే తెలిసింది. కరివేపాకు ఇక్కడ గోడ్‌నింబ్, అంటే తియ్యవేప. గంగవాయిలి కూర ఘోళ్. మా పుంటికూర అంబాడీ. పేర్లన్నీ మారిపోయాయి గానీ ఇంటికొచ్చి అంబాడీ ఆకు గిల్లుతుంటే వేళ్ళకు అంటిన పులుపు వాసన మాత్రం మా అమ్మ వంటింటిదే.

మాది మంచిర్యాల. నాన్న సింగరేణిలో చేశారు, మా ఆయన ఇక్కడి బొగ్గుగనిలో చేస్తున్నారు. రైలెక్కితే సిర్పూర్ కాగజ్‌నగర్, మాకుడి, వీరూర్, మాణిక్‌గఢ్, ఆ తర్వాత వార్ధా నది, బల్లార్షా. నదికి మా మంచిర్యాల వైపున్న రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. ఘుగ్ఘుస్‌లో, లాల్‌పేఠ్‌లో, బల్లార్‌పూర్ పేపర్ మిల్లు చుట్టూ తెలుగు ఇళ్ళకు కొదవ లేదు. అమెరికాలో ఉన్న మా చెల్లెలు "నీదీ ఒక ప్రవాసమేనా అక్కా" అంటుంది. ప్రవాసమే. పక్కింటి తలుపు కొట్టి కాస్త చింతపండు అడగడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చిన రోజున మైళ్ళ లెక్క పనికిరాదు.

ఆ పక్కింటి వహినీయే, అంటే వదినే, నన్ను మొదటిసారి వంట సేవకు తీసుకెళ్ళింది. చైత్ర పౌర్ణమికి మహాకాళి గుడి దగ్గర పెద్ద యాత్ర జరుగుతుంది. నాందేడ్, పర్భణీ వైపు నుంచీ, మా ఆదిలాబాద్ వైపు నుంచీ జనం బండ్లు కట్టుకుని వస్తారు. ఝర్‌పట్ ఒడ్డున స్నానాలు, డప్పులు, కొరడా పట్టిన పోతరాజులు. ఇక్కడివాళ్ళూ పోత్‌రాజ్ అనే అంటారు. అప్పటికే ఎండ నలభై దాటి ఉంటుంది. మే వచ్చేసరికి ఈ ఊరికి 47 డిగ్రీలు కొత్త కాదు. దారి పొడవునా వాడవాడల వాళ్ళు నీళ్ళు, మఠ్ఠా అనే మసాలా మజ్జిగ, భోజనం పెట్టే పందిళ్ళు వేస్తారు.

ఆ ఏడాది మా పందిట్లో ఐదువందల మందికి వంట. యాభై కిలోల బియ్యం, పది కిలోల పప్పు. ఆకు పని నాకిచ్చారు. ఐదు కిలోల కొత్తిమీర తెల్లవారుజామున కూర్చుని ఏరి, మూడు నీళ్ళు కడిగి, తరిగాను. ఇంట్లో చేసినట్టే దించే ముందు మొత్తం గుండిగలో వేసి కలిపాను. అరగంటకు వడ్డన మొదలైంది. మూత తీస్తే నల్లబడిన ఆకు, ఉడికిన గడ్డి వాసన. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆకలితో వచ్చినవాళ్ళు తినేసి దండం పెట్టి వెళ్ళారు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఊరికే పెట్టే అన్నమైతే వాసన లేకున్నా చెల్లుతుందని నా చేతులే చెప్పినట్టు అనిపించింది.

అమ్మకు ఫోన్ చేస్తే ఒక్క మాటలో తేల్చింది. "పెద్ద గుండిగ దించినంక కూడా ఉడుకుతనే ఉంటది బిడ్డా." నిజమే. చిన్న గిన్నె తొందరగా చల్లారుతుంది. అంత పప్పు గంట సేపు తన వేడిలో తానే మగ్గుతుంది. కొత్తిమీర సువాసన అంతా ఆవిరైపోయే నూనెల్లో ఉంటుంది. వేడిలో నిలవదు. అప్పటినుంచి కొత్తిమీర కాడలను సన్నగా తరిగి తాలింపులో వేస్తాను, వాటికి వేడి తట్టుకునే శక్తి ఉంది. ఆకును తడి గుడ్డలో చుట్టి నీడన ఉంచి, గుండిగలోంచి చిన్న బకెట్లోకి తోడిన ప్రతిసారీ ఒక గుప్పెడు పైన చల్లుతాను. పుదీనాను మొద్దు కత్తితో కోస్తే నలిగి అంచులు నల్లబడతాయి, కత్తి పదునుగా ఉండాలి. కరివేపాకు నూనెలో చిటపటలాడాలి. మఠ్ఠాలోకి మాత్రం అల్లం, పచ్చిమిర్చి, కొత్తిమీరతో పాటు పచ్చిగానే నూరి కలపాలి. నలభై లీటర్ల పెరుగుకు మూడింతల నీళ్ళు పోస్తే వెయ్యి గ్లాసులు వస్తాయి. ఎండలో నడిచొచ్చిన మనిషి మొదటి గుటక మింగి కళ్ళు మూసుకుంటాడే, ఆ క్షణం కోసం నేను తెల్లవారుజామున మూడింటికి లేవగలను.

వడ్డించడం కన్నా నాకు ఆకు ఏరడమే ఇష్టం. ఆరుగురు ఆడవాళ్ళం గోనెపట్టా మీద కూర్చుంటాం. ఒకరిది మరాఠీ, ఒకరిది గోండి, ఇద్దరివి ఛత్తీస్‌గఢీ, మా ఇద్దరిది తెలుగు. ఎవరి భాషలో వాళ్ళు పాడుకున్నా చేతులు ఆగవు. మెంతికూర ముదురు కాడ ఎక్కడ విరగాలో వేలికి తెలుసు. ఇక్కడ స్నేహితులు నాకు ముందు ఆకుల దగ్గర దొరికారు. వాళ్ళ మాటలు తర్వాత వచ్చాయి.

అక్టోబర్ సేవ వేరు. 1956లో అంబేద్కర్ గారు నాగపూర్‌లో దీక్ష తీసుకున్న రెండు రోజులకు, అక్టోబర్ 16న, చంద్రపూర్‌లోనూ జనానికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. ఏటా 15, 16 తేదీల్లో ఇక్కడి దీక్షాభూమికి జనం పల్లెల నుంచి కదిలి వస్తారు. భోజన్‌దాన్ అని రాసిన బ్యానర్లు కట్టి అన్నం పెడతారు. ఒకప్పుడు బావి దగ్గరికి రానివ్వని మనుషుల మనుమలు, మనుమరాళ్ళు ఇక్కడ గంటె పట్టుకుని వచ్చినవాళ్ళందరికీ వడ్డిస్తారు. ఎవరు వండారని వరుసలో ఎవరూ అడగరు. ఇంత పెద్ద సంగతి ఇంత మామూలుగా జరిగిపోవడం చూస్తే నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

అది అంబాడీ విరివిగా దొరికే కాలం. పోయినేడు పుంటికూర పప్పు చేద్దామని నేనే అడిగాను. పులుపు పడితే పప్పు ఉడకదు కాబట్టి కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించాం. ఆకును వేరే స్టీలు గుండిగలో మగ్గబెట్టి తర్వాత కలిపాం. అల్యూమినియంలో పెడితే ఆ పులుపుకు రుచి చెడుతుంది. ఎల్లిపాయలు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పడగానే పక్క పందిరి వాళ్ళు తొంగిచూశారు.

మధ్యాహ్నం రెండు దాటింది. వరుసలో నెరిసిన జుట్టు ముసలావిడ ఒకరు, చేతిలో నీలం సంచి. నేను మరాఠీలోనే "ఘ్యా ఆజీ" అన్నాను. ఆవిడ పళ్ళెం ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"పుంటికూరేనా బిడ్డా?"

"అవునవ్వా. మీదెక్కడ?"

"రాజురా కాడ. ఇంకింత పొయ్యి."

వరుస వెనక చాలా పొడవుంది. పప్పు సగానికి పైగా అయిపోయింది. ఆకంతా అడుక్కు చేరి ఉంది. గంటె అడుగుదాకా దించి, ఆకు తగిలేలా తోడి, ఆవిడ పళ్ళెంలో పోసి పైన గుప్పెడు కొత్తిమీర చల్లాను.