పసుపు కాగితం చెప్పే సంగతి

నాట్ల కాలంలో ట్రాక్టర్లు, కోతల కాలంలో హార్వెస్టర్లు పొలం బురదను బాన్సువాడ రోడ్లెక్కిస్తాయి. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లో పారినప్పటి నుంచి ఇది వరి పండే నేల. ఊరి నుంచి ఏ దిక్కుకు బయల్దేరినా వాటర్ సర్వీసింగ్ బోర్డు ఒకటి కనబడుతుంది. నేను వెతుక్కుంటూ వెళ్లింది బోధన్ రోడ్డు వైపున్న ఒక రేకుల షెడ్డు. దాని యజమాని కార్ల షాంపూ, టైర్ పాలిష్, అద్దాలు తుడిచే లిక్విడ్ బయట కొనడనీ, అన్నీ తనే కలుపుకుంటాడనీ ఒక మెకానిక్ చెప్పాడు.

షెడ్డు వెనక చిన్న గది. నీలం డ్రమ్ములు, తూకం మిషన్, కొలత గీతలున్న మగ్గులు, గోడకు ఆనించిన వెదురు కర్ర. ఫ్యాక్టరీ అంతా ఇంతే. యజమానికి నలభై దాటి ఉంటాయి. చేతులకు రబ్బరు గ్లవుజులు, కాళ్లకు హవాయి చెప్పులు.

"నురుగు చూసే గిరాకీ వస్తడు సార్. బండి మీద దూది లెక్క కూసోవాలె, ఫోటో తీస్కోవాలె. మురికి పొయ్యేది నురుగుతోని గాదు," అన్నాడు ముందుగానే.

షాంపూకు అసలు సరుకు ఎస్‌ఎల్‌ఈఎస్ అనే తెల్లటి చిక్కటి పేస్టు. తలకు రాసుకునే షాంపూల్లోనూ ఉండేది అదే. 70 శాతం గాఢతతో వస్తుంది. హైదరాబాద్ బేగంబజార్ నుంచి డబ్బాల్లో తెప్పించుకుంటాడు. 50 లీటర్ల డ్రమ్ముకు ఐదు కిలోలు. ఈ పేస్టుకు ఒక మొండి గుణం ఉంది. నీళ్లు కొంచెమే పోస్తే పలచబడాల్సింది పోయి ఇంకా గట్టిపడి గడ్డ కడుతుంది. అందుకే ముందుగా డ్రమ్ములో నీళ్లు నింపి, పేస్టును ముద్దలు ముద్దలుగా వేస్తూ వెదురు కర్రతో నెమ్మదిగా తిప్పుతాడు. డ్రిల్లు మిషన్‌తో తిప్పితే పని తొందరగా అయిపోదా అని అడిగాను. అప్పుడు డ్రమ్ము నిండా నురుగే మిగులుతుందట, అది దిగడానికి మర్నాటి దాకా కూర్చోవాలి.

తరువాత ఉప్పు. మామూలు వంట ఉప్పే. నీళ్లలా ఉన్న ద్రావణంలో ఉప్పు నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తుంటే కళ్లముందే చిక్కబడింది. ఎక్కడ ఆపాలో తెలియడంలోనే ఉంది పనితనం. హద్దు దాటి ఇంకో గుప్పెడు పడితే చిక్కదనం విరిగి మళ్లీ నీళ్లయిపోతుంది. కొత్తగా చేరిన కుర్రాడు ఒకసారి అలాగే చేశాడట. "షాంపూ చెడలే సార్, పని చేస్తది. కానీ పల్చగుంటే గిరాకీ నమ్మడు," అని నవ్వాడు. చిక్కదనానికీ శుభ్రం చేసే శక్తికీ సంబంధం లేదని అతనికి తెలుసు. కార్ల యజమానులకు తెలియదు. బజారులో పెద్ద సీసాల వ్యాపారం సగం ఈ అజ్ఞానం మీదే నడుస్తుందని నా అనుమానం.

ఇలా ఇంట్లో కలిపి అమ్మడం కొత్త విద్యేమీ కాదు. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంటి పెరట్లో పొడి కలిపి, సైకిల్ మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మిందే నిర్మా. అలాంటి పొడులకు మూల సరుకైన యాసిడ్ స్లర్రీని ఈయన కూడా మొదట్లో వాడాడు. గోధుమరంగులో, ఘాటు వాసనతో, చర్మం మీద పడితే కాల్చే ద్రవం అది. కాస్టిక్ సోడాతో విరిచేటప్పుడు డ్రమ్ము వేడెక్కిపోతుంది. పాళ్లు తప్పితే ఆమ్లమో క్షారమో మిగిలిపోతుంది. చవకే అయినా మానేశాడు.

ఆ తప్పును పట్టే పరీక్ష ఒకటి ఇప్పటికీ చేస్తాడు. తెల్ల కాగితానికి తడి పసుపు పూసి ఎండబెట్టిన ముక్కలు డబ్బాలో ఉంటాయి. షాంపూ చుక్క వేస్తే పసుపు పసుపుగానే ఉండాలి. ఎర్రబడిందంటే క్షారం ఎక్కువైనట్టు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా వచ్చేది ఎందుకో, ఇదీ అందుకే. నా ముందే ఒక ముక్క మీద బట్టల సర్ఫు నీళ్ల చుక్క వేశాడు. వెంటనే ఎర్రబడింది. అయితే పసుపు ఒక వైపు సంగతే చెబుతుంది, ఆమ్లం ఎక్కువైతే దానికి తెలియదు. దాని కోసం పీహెచ్ కాగితాల పుస్తకం వేరే పెట్టుకున్నాడు.

దసరా మర్నాడు ఈ రసాయనమే అతనికి గిరాకీ తెస్తుంది. ఆయుధపూజ నాడు బానెట్ మీద పెట్టిన పసుపును ఇంట్లో సర్ఫుతో కడిగి, తెల్లకారు మీద ఎర్ర మరక చూసి హడలిపోయి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. నిమ్మరసం నీళ్లతో తుడిస్తే ఎరుపు విరిగి పసుపవుతుంది, మిగిలింది ఎండకే వెలిసిపోతుంది. దానికి డబ్బులు తీసుకోడట.

టైర్ పాలిష్‌కు సిలికాన్ ఎమల్షన్ ఒక వంతు, నీళ్లు మూడు వంతులు. హార్వెస్టర్ల వాళ్లు ఇప్పటికీ "కింద డీజిల్ కొట్టన్నా" అని అడుగుతారు. డీజిల్‌కు రబ్బరు ఉబ్బి మెత్తబడుతుందని చెప్పి ఒప్పించడానికి మాటలు ఖర్చవుతాయి. బైకు టైరు నేలకు తగిలే చోట సిలికాన్ అసలు రాయనివ్వడు. జారుతుంది. బ్రేకు డిస్కుల దగ్గరా అంతే జాగ్రత్త.

మైనం పాలిష్ కూడా చేసి చూశాడు. బ్రెజిల్ తాటి జాతి చెట్టు ఆకుల నుంచి వచ్చే కార్నూబా 80 డిగ్రీలు దాటితే గానీ కరగదు. అందులో కలిపే టర్పెంటైన్‌కు నిప్పు తగిలితే గది మిగలదు. గిన్నెను మరిగే నీళ్లలో పెట్టి, కరిగాక స్టవ్ ఆర్పి, దూరంగా తెచ్చి కలిపాడట. "మంచిగొచ్చింది. కానీ ఆ రేటుకు బాన్సువాడల ఎవరు పెట్టించుకుంటరు?" అని ఆ పని పక్కన పెట్టాడు.

సీసాల్లో నింపి అమ్మవచ్చు కదా అన్నాను. లేబుల్ మీద చిరునామా, నికర పరిమాణం, తయారైన నెల, ధర ముద్రించాలి, తూనికల శాఖ రూల్సు పాటించాలి. అది చేయలేక కాదట. "నా పాళ్లు నా బోరు నీళ్లకు సార్. ఈ నీళ్లల్ల సున్నమెక్కువ, అందుకే దాన్ని పట్టే ఈడీటీఏ పొడి జర ఎక్కువేస్త. వాళ్లింట్ల నీళ్లెట్లుంటయో నాకేం ఎరుక?" అన్నాడు. కారు ఎండలో ఆరితే తెల్ల చుక్కలు మిగిలేది షాంపూ వల్ల కాదు, ఈ నీళ్ల వల్లే. అందుకే నీడలో కడిగి వెంటనే గుడ్డతో తుడిపిస్తాడు.

నాకు నచ్చనిది ఒక్కటే. కడిగిన నీళ్లు ఒక గుంటలోకి పోయి, మట్టి దిగాక పైనీళ్లు గ్రీజు మిలమిలతో సహా వీధి మోరీలో కలుస్తున్నాయి. ఆ సంగతి అడిగితే దాచలేదు. గుంటకు అడ్డంగా ఇంకో గోడ కట్టి, నీళ్లు కింది నుంచి పోయేలా పైపు పెడితే నూనె పైనే ఆగుతుందని అతనికి తెలుసు. ఇటుకలు వచ్చి షెడ్డు పక్కన పడి ఉన్నాయి. కోతల గిరాకీ తగ్గితే గానీ మేస్త్రీని పిలవనన్నాడు. అప్పటికే గేటు దగ్గర రెండు హార్వెస్టర్లు హారన్ కొడుతున్నాయి.